కవిత్వంలో యుద్ధం, దేశభక్తి

ప్రశ్న: కాలేజీలో పావుగంట మాట్లాడాలి. యుద్ధం, దేశభక్తి పట్ల తెలుగు కవుల దృష్టి ఎలా మారిందో చూపాలంటే ఏ కవితలు తీసుకోవాలి?
– ఒక విద్యార్థిని, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: మూడు చాలమ్మా. ఎక్కువైతే ఏదీ నిలబడదు. ముందు శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్ర’లో బాలచంద్రుడి ఘట్టం. ద్విపదను పైకి చదివి వినిపించు. అక్కడ యుద్ధానికి వెళ్లడమే పరువు. దీనికి మూడు నిమిషాలు చాలు.

అసలు సమయం గురజాడ ‘దేశభక్తి’కి (1910) ఇవ్వు. అందరూ ‘దేశమంటే మట్టికాదోయ్’ అని ఆగిపోతారు, అక్కడే ప్రసంగం చప్పబడుతుంది. గేయమంతా చదివితే పాడిపంటలు, తిండి, కండ, పొరుగువాడికి తోడ్పాటు కనిపిస్తాయి. కత్తి పట్టమన్న మాటే లేదు. దేశాభిమానం ఉందని గొప్పలు చెప్పుకోవద్దని, జనానికి ఏదైనా మేలు చేసి చూపమని అడుగుతాడు. వందేళ్లు దాటినా ఇంత సూటిగా అడిగిన గేయం నాకు మరొకటి కనిపించదు.

తర్వాత శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’. దండయాత్రలో సామాన్యుల సాహసం ఎట్టిదని అడిగే చోట ఆగు. బాలచంద్రుడి వెనక నడిచిన పేరులేని బంటు అక్కడ గుర్తుకు రావాలి. ఒక జాగ్రత్త: ఈ కవిత ఉన్న ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. కవితలు చాలావరకు 1930ల నాటివి. పుస్తకం తేదీ చూసి రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రాసినవనుకుంటే వాదన కూలుతుంది.

హైదరాబాద్ శ్రోతలు దాశరథి ‘అగ్నిధార’ (1949) గురించి తప్పక అడుగుతారు. అందులో పోరు సొంత గడ్డ మీది నిజాం పాలనతో. దాన్ని ప్రశ్నల సమయానికి ఉంచుకో.