అల్లుడికి, రై విస్కీ సీసా తెరిచే ముందు

చిరంజీవి అల్లుడికి, గుంటూరు నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

అమెరికా నుంచి మీ బావ తెచ్చిన రై విస్కీని ఏం చెయ్యాలని నిన్న ఫోన్‌లో అడిగావు. కోలాలో మాత్రం పొయ్యకు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పాతకాలపు కాక్‌టెయిల్ కలుపుకో. ముప్పై ఏళ్లు హోటల్ బార్ కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి, ఇంట్లో కలుపుకోవడానికి దీన్ని మించింది నాకు తెలియదు.

రై అంటే మన రాగులు కాదు, గోధుమకు దగ్గరి చుట్టమైన ఇంకో గింజ. వాడిన ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉంటేనే అమెరికాలో సీసా మీద ఆ పేరు వెయ్యనిస్తారు. మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే బర్బన్ విస్కీలో దాని తీపి తెలుస్తుంది, దీంట్లో మిరియాల ఘాటు. ఆ ఘాటు పోకూడదు, గొంతులో గుచ్చుకోకూడదు. కలపడమంతా అందుకే.

కంటి అంచనాతో పొయ్యకు. పిల్లల టానిక్ సీసా మూత శుభ్రంగా కడిగి వాడు, దాని మీద ఎం.ఎల్. గీతలుంటాయి. విస్కీ 60 ఎం.ఎల్., అంటే ఒక లార్జ్. తీపికి పటికబెల్లం దంచి, అంతే తూకం వేడినీళ్లలో కరిగించు. పొయ్యి మీద పాకం పట్టొద్దు. అది ఒక టీ చెంచా చాలు. అమెరికాలో ఒకప్పుడు రై విస్కీలో ఇలాంటి కలకండ పలుకులే వేసి దగ్గు మందని అమ్మేవాళ్లు, కాబట్టి ఈ జోడీ కొత్తదేం కాదు. అంగోస్తురా బిట్టర్స్ అనే చేదు మూలికల సారం ఉంటుంది, ఆ సీసాను బోర్లించి రెండుసార్లు విదిలించు. ఆ చేదు మానేస్తే మిగిలేది తియ్యటి విస్కీయే.

ఇక నీళ్లు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊరి పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెబుతూ మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని రాసింది. నీళ్లనూ లెక్కలో వేసింది చూడు. మన గ్లాసులో ఆ నీళ్లు కరిగిన ఐసు నుంచే రావాలి. అందరూ తప్పు చేసేదీ అక్కడే. నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికొచ్చిన స్నేహితులకు మంచి విస్కీ కలిపి ఇస్తే, నోట పెట్టగానే ఉల్లిపాయ వాసన. ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టిన ట్రేలో ఐసుకు పట్టిన వాసన అది. నాలుగు గ్లాసులూ సింకులో పారబోశాను, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకని మంచినీళ్లు కాచి చల్లార్చి, చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, మూత పెట్టి రాత్రంతా గడ్డకట్టించు. పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, బెజవాడ ఎండలకు అదే కావాలి. చేపల మార్కెట్ దగ్గర అమ్మే ఐసు తేవొద్దు, అది తాగడానికి చేసింది కాదు.

గ్లాసును పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, అన్నీ పోసి, గడ్డ వేసి, పొడుగాటి చెంచాతో అర నిమిషం తిప్పు. చెంచా గ్లాసు గోడను రాసుకుంటూ చప్పుడు లేకుండా తిరగాలి. గ్లాసు బయట చెమట పట్టి, వేళ్లు జివ్వుమంటే ఆపెయ్. ఒక గుక్క రుచి చూడు. ఇంకా గుచ్చుకుంటే మరో పది చుట్లు.

చివర్లో కమలాపండు తొక్క, బొటనవేలంత. లోపలి తెల్లపొర లేకుండా చెక్కి, రంగు వైపు గ్లాసుకు తిప్పి నొక్కు. పైన సన్నని నూనె తుంపర పడుతుంది, వాసన ముందు ముక్కుకు తగులుతుంది. ఆ తొక్కను అందులోనే వెయ్యి.

పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టకు, కారం తిన్న నాలుకకు బిట్టర్స్ తెలియవు. వేయించిన జీడిపప్పు చాలు. ఒకటి, మహా అయితే రెండు. ఆ తర్వాత బండి తాళాలు అమ్మాయికి ఇచ్చెయ్.

ఆదివారం నేనే వస్తున్నా. శనివారం రాత్రి పడుకునే ముందు గిన్నెలు ఫ్రీజర్‌లో పెట్టు, మర్చిపోకు.

మీ మామయ్య