కడప జనాభా పదేళ్లలో మూడింతలకు దగ్గరగా పెరిగిందా? ముందు హద్దులు చూడండి

కడప పట్టణం 2001లో 1.26 లక్షలు, 2011లో 3.4 లక్షలు. మరోవైపు రాష్ట్రంలో పుట్టుకలు తగ్గుతున్నాయంటున్నారు. ఏది నిజమని అడిగారు. రెండూ నిజమే. కాకపోతే మొదటిది చాలావరకు జనం పెరిగిన లెక్క కాదు, హద్దు జరిగిన లెక్క. మధ్యలో కడప నగరపాలక సంస్థ అయింది, చిన్నచౌక్ లాంటి శివారు ఊళ్లు అందులో కలిశాయి. ఆ శివార్లతో కలిపి చూస్తే 2001లోనే 2.6 లక్షల పైచిలుకు. అక్కడి నుంచి 3.4కి అంటే పెరిగింది సుమారు ముప్పై శాతం.

జిల్లాలతోనూ ఇదే తిరకాసు. 2001-2011 మధ్య ఉమ్మడి కర్నూలు 35.29 లక్షల నుంచి 40.53 లక్షలకు, అంటే 14.85 శాతం పెరిగింది. అనంతపురం 12.1, కడప 10.8. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 11. అయితే 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయింది కాబట్టి, ఇప్పుడు కర్నూలు జిల్లా అని వెతికితే అదే 2011 లెక్క 22.7 లక్షలుగా కనిపిస్తుంది. దాన్ని పాత 35.29 పక్కన పెడితే జిల్లా మూడో వంతుకు పైగా ఖాళీ అయినట్టుంటుంది! ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాల 2001 లెక్కలు కూడుకోవడమే దారి.

మీ ఊరి లెక్క కావాలంటే సెన్సస్ వెబ్‌సైట్‌లో ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (ఊరి వారీగా జనాభా, ఇళ్ల సంఖ్య ఉండే పట్టిక) ఎక్సెల్ ఫైళ్లు 2001వీ, 2011వీ దించుకోండి. ఒక్క పేరు పట్టుకుని వెతకొద్దు, కొత్తపల్లెలు ఎన్నున్నాయో మీకు తెలుసు. 2001 కోడ్, 2011 కోడ్ వేరు. అందుకని మండలం, పేరు సరిచూసి, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఊరి విస్తీర్ణం కూడా పోల్చండి. విస్తీర్ణం మారితే హద్దు మారినట్టే. అక్కడ లెక్క రెవెన్యూ గ్రామానిది. తండాలకు, మజరాలకు (శివారు పల్లెలకు) విడిగా వరుస ఉండదు, అసలు ఊళ్లోనే కలిసిపోతాయి.

ఏటా ఎంత అనడానికి 14.85ని పదితో భాగించకండి. కొత్త జనాభాను పాతదానితో భాగించి, పదో మూలం తీసి, ఒకటి తీసేసి, వందతో గుణించాలి. కర్నూలుకు 1.39 శాతం వస్తుంది. 70ని దాంతో భాగిస్తే రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు: సుమారు యాభై. అదీ ఆ వేగం అలాగే సాగితేనే. సాగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తరం నిలబడడానికి కావాల్సింది 2.1. అయినా జనాభా వెంటనే తగ్గదు, పిల్లల్ని కనే వయసు వాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు గనుక.

మున్సిపాలిటీ జనన రిజిస్టరు చూసి పట్టణం పెరిగిందనుకోవడం ఇంకో పొరపాటు. జననం జరిగిన చోటే నమోదవుతుంది. పల్లె నుంచి వచ్చి కర్నూలు ఆసుపత్రిలో కన్నా కర్నూలు లెక్కే. తొలి కాన్పు పుట్టింట్లో అయితే ఆ బిడ్డ అమ్మమ్మ ఊరి పద్దులో పడుతుంది.

అన్నిటికన్నా చిక్కు సుగ్గి, అంటే పనుల కోసం కొన్నాళ్లు ఊరు విడిచిపోయే వలస. కర్నూలు పడమటి మండలాల నుంచి, ముఖ్యంగా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి, మిరప కోతలకు గుంటూరు వైపు పోయేవాళ్లు ఫిబ్రవరిలో ఊళ్లో ఉండరు. 2011 గణన జరిగింది సరిగ్గా ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను సొంతింట్లో లెక్కించరు. వాళ్లు పోయిన చోట లెక్కలో పడాలి, చేలగట్టున గుడిసెలో ఉంటే అదీ తప్పిపోవచ్చు. కాబట్టి ఆ మండలాల్లో ఏదైనా ఊరు తగ్గినట్టు కనిపిస్తే ఇళ్ల సంఖ్య కూడా చూడండి. ఇళ్లు పెరిగి మనుషులు తగ్గితే శాశ్వత వలస అని తేల్చేయకండి. వచ్చే గణనకు రిఫరెన్స్ తేదీ (ఏ రోజు నాటి జనాభాగా లెక్కిస్తారో ఆ రోజు) 2027 మార్చి 1, అంటే మళ్లీ మిరప కోతల కాలమే.