ఆర్ట్ రూమ్ సింక్ మళ్లీ మళ్లీ ఎందుకు మూసుకుపోతోందంటే

అమ్మాయీ,

ప్లంబర్ వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే సింక్‌లో నీళ్లు మళ్లీ నిలబడుతున్నాయని రాశావు. సింక్‌లోకి వెళ్లేది మారనంతవరకు ఎన్నిసార్లు బాగు చేయించినా ఇంతే. మట్టి, ప్లాస్టర్, రంగు ఏదైనా బకెట్ దగ్గరే ఆగిపోవాలి, సింక్‌లోకి తేటనీళ్లు మాత్రమే వెళ్లాలి.

ముందు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గురించి చెబుతాను, మిగతావాటితో ఎలాగోలా వేగొచ్చు గానీ దీంతో కుదరదు. ఆరితేనే గట్టిపడుతుందనుకుని, నీళ్లు ధారాళంగా పోస్తే కొట్టుకుపోతుందిలే అని గిన్నెను కుళాయి కింద పెట్టేస్తారు. అసలు అది గట్టిపడేదే నీళ్లతో కలిసి, పైపులో నీళ్ల అడుగున ఉన్నా రాయైపోతుంది. అలా అయ్యాక ఆ పైపు ముక్క మార్చడమే గతి. అందుకని మెత్తటి రబ్బరు గిన్నెలోనే కలుపు, మిగిలింది అందులోనే వదిలెయ్యి, గట్టిపడ్డాక గిన్నెను రెండు చేతులతో వంచితే పెళ్లలుగా ఊడొస్తుంది, చెత్తబుట్టలో వేసెయ్యి. పనిలో పనిగా ఇంకో మాట, గట్టిపడేటప్పుడు అది చర్మం కాలేంత వేడెక్కగలదు, పిల్లల్ని అందులో చెయ్యి ముంచి అచ్చు తీయనివ్వకు.

బంకమట్టికి మూడు బకెట్లు వరసగా పెట్టు. చేతులకున్న మట్టంతా మొదటి దాంట్లో పోవాలి, రెండో దాంట్లో ఇంకాస్త, మూడో దాంట్లో జాడించుకున్నాకే సింక్ దగ్గరికి రావాలి. రాత్రంతా ఆ బకెట్లను కదపకపోతే పొద్దునకి నీళ్లు తేరుకుంటాయి, మడ్డి అడుగున చిక్కటి పెరుగులా పేరుకుంటుంది. పైనున్న తేటనీళ్లు మగ్గుతో మెల్లగా తీసి పారబోసి, మడ్డిని పాత గుడ్డ మీద పరిచి ఆరనిస్తే మళ్లీ వాడుకోవచ్చు. ప్లాస్టర్ చేతులు కడిగే బకెట్ మాత్రం వేరేగా ఉండాలి, మట్టిలో చిన్న ప్లాస్టర్ పలుకు కలిసినా కాల్చిన తర్వాత ఆ చోట పెచ్చు లేచిపోతుంది. బల్లల మీద ఎండిన మట్టిని చీపురుతో ఊడవొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతోనే తుడవాలి.

యాక్రిలిక్ రంగు ఆరితే ప్లాస్టిక్ పొరే, ఇక నీళ్లకు కరగదు. బ్రష్‌లను కడిగేముందు పాత న్యూస్‌పేపర్‌కి గట్టిగా తుడిపించు, ప్లేట్లలో మిగిలిన రంగును ఆరనిచ్చి పొరలా ఒలిచెయ్యి. నానబెట్టిన కాగితపు గుజ్జు, జిగురు, కరిగించిన మైనం చెత్తబుట్టలోకే. మైనం మీద వేడినీళ్లు పోస్తే పోయినట్టే ఉంటుంది, ఇంకాస్త ముందుకెళ్లి అక్కడ గడ్డకడుతుంది, అంతే.

ఇవన్నీ పిల్లలకు ఒక్కరోజులో వస్తాయి, వాళ్ల మీద నాకు నమ్మకముంది. చిక్కంతా చివరి ఐదు నిమిషాల్లోనే. బెల్ కొట్టబోతోందన్న టెన్షన్‌లో అందరూ ఒకేసారి సింక్ మీద పడితే బకెట్లు ఎవరికీ గుర్తుండవు, కాబట్టి పది నిమిషాల ముందే పని ఆపించి బల్లల వారీగా పంపు.

రంధ్రం మీద జాలీ పెట్టు, కాకపోతే అది ముక్కల్నే ఆపుతుంది, సన్నటి మట్టిని ఆపలేదు. సింక్ కింద మడ్డి పట్టే ట్రాప్ పెట్టించమని మేనేజ్‌మెంట్‌ని అడుగు, దాన్ని ఎవరు ఖాళీ చేస్తారో కూడా అప్పుడే తేల్చుకో. పైపులో పోసే ఘాటు మందులు మాత్రం వద్దేవద్దు. మట్టీ ప్లాస్టరూ వాటికి కరగవు, పైగా ఆ మందు సింక్ కింద పైపుకుండే వంపులోనే నిలిచిపోయి రేపు విప్పినవాళ్ల చేతుల మీదో కళ్లలోనో పడుతుంది.

నీళ్లు కాస్త నెమ్మదిగా దిగుతున్నాయనిపించగానే, పూర్తిగా ఆగేదాకా చూడకుండా, గ్లవ్స్ వేసుకుని కింద బకెట్ పెట్టి ఆ వంపు విప్పించు. అందులో పేరుకున్నది చెత్తలో వేసి, వంపును బకెట్ నీళ్లలో కడిగి, వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించాలి. తర్వాత కింద పొడి కాగితం పరిచి కుళాయి తిప్పు, ఎక్కడ కారుతున్నా వెంటనే తెలిసిపోతుంది.