డీబీవర్‌లో కనెక్ట్ అవుతోంది, యాప్ నుంచి ఎందుకు కావట్లేదు?

ల్యాప్‌టాప్‌లో డీబీవర్ (డేటాబేస్‌లోకి చూసే టూల్) నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బాగానే కనెక్ట్ అవుతోందనీ, స్ప్రింగ్ బూట్ (జావా) యాప్‌ని డాకర్ కంపోజ్‌లో (యాప్, డేటాబేస్ వంటివాటిని వేరువేరు కంటైనర్లలో కలిపి నడిపే టూల్) పెడితే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" వస్తోందనీ రాశారు. ముందు పాస్‌వర్డ్ మార్చడం ఆపండి. పాస్‌వర్డే తప్పయితే ఎర్రర్‌లో ఆ మాటే ఉంటుంది. రిఫ్యూజ్డ్ అంటే చాలావరకు ఆ అడ్రసులో, ఆ పోర్టులో పలికేవాళ్లు లేరని. అదే టైమవుట్ అయితే నేను ఫైర్‌వాల్ వైపు చూస్తాను.

మీ యూఆర్ఎల్‌లో లోకల్‌హోస్ట్ అని ఉండే ఉంటుంది. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. దాని బదులు కంపోజ్‌లో డేటాబేస్ సర్వీసుకు పెట్టిన పేరు ఇవ్వండి. పోర్టు కూడా చూసుకోండి: బయటికి 5433గా మ్యాప్ చేసినా, లోపల కంటైనర్ల మధ్య 5432నే. ఆ తర్వాత యాప్ కంటైనర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచే ఎన్‌సీ (nc) కమాండ్‌తో ఆ పోర్టు తెరిచి ఉందో లేదో చూడండి. డీబీవర్‌లో పనిచేయడం మీ ల్యాప్‌టాప్ సంగతి చెబుతుంది కానీ యాప్ సంగతి చెప్పదు. స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రమే ఫెయిలవుతుంటే, పోస్ట్‌గ్రెస్ లేవకముందే యాప్ తలుపు తడుతోందేమో. పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యాకే యాప్ మొదలయ్యేలా హెల్త్‌చెక్ పెట్టండి.

ఎర్రర్ సరిగ్గా చదవక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. పొద్దున బాగానే నడిచే యాప్ మధ్యాహ్నానికి "30000 మిల్లీసెకన్లలో కనెక్షన్ దొరకలేదు" అనేది. నెట్‌వర్క్ అనుకుని ఒకటే టెన్షన్. నిజానికి ఆ మాట అంటున్నది హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి యాప్‌కి అప్పిచ్చే లైబ్రరీ): ఉన్న పది కనెక్షన్లూ ఎవరో తీసుకుని తిరిగివ్వలేదు. అది తెలియక పూల్‌ని 50కి పెంచాను. యాప్ రెండు కాపీలు నడుస్తోంది, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100 కనెక్షన్లు. దాంతో ఈసారి డేటాబేసే ఖాళీ లేదంది.

అప్పుడు ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిస్తే వరసగా "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" (ట్రాన్సాక్షన్ ముగించకుండా ఊరికే కూర్చున్నవి), అన్నిటిలోనూ ఒకటే సెలెక్ట్ క్వెరీ. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ని (కనెక్షన్ ఇంతసేపు తిరిగి రాకపోతే లాగ్‌లో చెప్పే సెట్టింగ్) 20 సెకన్లకు పెట్టగానే లాగ్‌లో ఫైలు పేరు, లైను నంబరుతో సహా పడింది. రిపోర్టు తీసే మెథడ్‌లో ఎక్సెప్షన్ వస్తే కనెక్షన్ క్లోజ్ అవడం లేదు. ఎక్సెప్షన్ వచ్చినా కనెక్షన్‌ని దానంతటదే మూసే జావా ట్రై-విత్-రిసోర్సెస్‌లోకి మార్చి, పూల్‌ని మళ్లీ 10కి తెచ్చాను.