ఎల్‌శాట్ ట్యూటర్‌కు నలభై గంటలు అవసరమా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి రాజనీతిశాస్త్రంలో డిగ్రీ మూడో ఏడాది చదువుతోంది. లా స్కూల్‌లో చేరాలని పట్టుదలగా ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ నమూనా పరీక్షల్లో మూడు నెలలుగా 156 దగ్గరే ఆగిపోయింది (గరిష్ఠం 180). తప్పులు ఎక్కువగా లాజికల్ రీజనింగ్‌లోనే, అంటే చిన్న చిన్న వాదనల్లో తర్కాన్ని పరీక్షించే భాగంలో. గడియారం పెట్టుకుని రాస్తే ఒక్కో సెక్షన్‌లో ఎనిమిదో తొమ్మిదో తప్పులు, గడియారం లేకపోతే మూడో నాలుగో. ఒక ట్యూటర్ నలభై గంటల ప్యాకేజీకి మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు. మావారేమో ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు చాలంటారు. అమ్మాయి ఎటూ తేల్చడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది 156 కాదు, గడియారం ఉన్నప్పటి తప్పులకూ లేనప్పటి తప్పులకూ ఉన్న తేడా. చాలామంది తల్లిదండ్రులు స్కోరొక్కటే రాసి ఊరుకుంటారు. మీరు ఆ తేడా కూడా రాశారు కాబట్టి సూటిగా చెప్పగలను. మీ అమ్మాయికి విషయం అర్థమవుతోంది. నలభై గంటల పాఠం అక్కరలేదు.

అలాగని మీవారి మాటే నిజమని కాదు. ఆ పాత పుస్తకాలను ఒకసారి తిరగేయండి. వాటిలో లాజిక్ గేమ్స్ అని, ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో తేల్చే పజిళ్లు కనిపిస్తాయి. 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో ఆ భాగం లేదు. ఇప్పుడు నాలుగు సెక్షన్లు, ఒక్కొక్కటి 35 నిమిషాలు. స్కోరులో లెక్కకు వచ్చేవి మూడు: రెండు లాజికల్ రీజనింగ్, ఒకటి రీడింగ్ కాంప్రహెన్షన్. నాలుగోది ప్రయోగం కోసం పెట్టేది, కానీ అది ఏదో రాసేవారికి తెలియదు. అంటే మీ అమ్మాయి తడబడుతున్న భాగమే ఇప్పుడు స్కోరులో దాదాపు మూడింట రెండు వంతులు. పుస్తకాల్లో గేమ్స్ అధ్యాయాలు పక్కన పెట్టేసి, లాజికల్ రీజనింగ్ అధ్యాయాలు మాత్రం నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఆ ప్రశ్నల స్వభావం మారలేదు.

ఒక సెక్షన్‌లో సుమారు 25 ప్రశ్నలు. లెక్క వేస్తే ఒక్కోదానికి 84 సెకన్లు. ఆ ఒత్తిడిలో పిల్లలు ఏం చేస్తారో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఇది నేను అల్లినదే.

‘వంతెన మీద వేగ పరిమితి బోర్డులు పెట్టిన ఈ పదేళ్లలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. కాబట్టి ఆ బోర్డులు అనవసరం, తీసేయవచ్చు.’ ఈ వాదనలో లోపం ఏమిటి? రెండు జవాబులు చూడండి. ఒకటి: చాలా వాహనాలు ఆ పరిమితిని దాటి వెళ్తుండవచ్చన్న సంగతిని వాదన పట్టించుకోలేదు. రెండు: ప్రమాదాలు జరగకపోవడానికి ఆ బోర్డులే కారణం కావచ్చన్న సంగతిని పట్టించుకోలేదు.

తొందరలో ఉన్నవారికి మొదటిది నచ్చుతుంది. వేగం, వాహనాలు, పరిమితి, అన్నీ విషయానికి సంబంధించిన మాటలే, పైగా నిజమయ్యే అవకాశమూ ఉంది. అమ్మాయి అది గుర్తించిందనుకోండి. ఒక రకం ట్యూటర్ ‘కాదు, రెండోది. ఇది కార్యకారణ దోషం, తరువాతి ప్రశ్న’ అంటారు. అమ్మాయి తలూపి ఆ పేరు రాసుకుంటుంది. మరో రకం ట్యూటర్ ఇలా అడుగుతారు: ‘సరే, వాహనాలు ఆ బోర్డులను లెక్కచేయడం లేదనే అనుకుందాం. అప్పుడు బోర్డులు తీసేయాలన్న వాదన బలహీనపడుతుందా, బలపడుతుందా?’ అమ్మాయి ఒక క్షణం ఆగుతుంది. ఎవరూ లెక్కచేయని బోర్డులు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే కదా! తాను లోపమనుకున్నది ఆ వాదనకే వత్తాసు పలుకుతోందని అప్పుడు తెలుస్తుంది. మీరు డబ్బు పెట్టవలసింది ఆ క్షణానికి. దోషాల పేర్లు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

అందుకే ప్యాకేజీ కట్టకముందు ఒక్క గంటకు మాత్రం డబ్బిచ్చి చూడండి. ఆ గంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో తరువాత అమ్మాయిని అడగండి. (మీరు పక్కన కూర్చోకండి. తల్లి వింటుంటే ఏ పిల్లా తన తప్పుడు ఆలోచనను పైకి చెప్పదు.) ట్యూటరే ముప్పావు గంట మాట్లాడితే వేరొకరిని వెతుక్కోండి. వారికి 175 వచ్చి ఉన్నా సరే. పరీక్షలో గరిష్ఠం 180. అంత స్కోరు తెచ్చుకున్నవారిలో కొందరికి తమకు జవాబు ఎలా తడుతుందో తమకే తెలియదు.

మంచి ట్యూటర్ దొరికితే ఎనిమిది వారాలు, వారానికి ఒక గంట చాలు. అయితే వారమంతా అమ్మాయి చేయవలసిన పని ఒకటుంది. గడియారం పెట్టుకుని ఒక సెక్షన్ రాయాలి. రాసేటప్పుడు అనుమానం వచ్చిన ప్రశ్నలకు గుర్తు పెట్టుకోవాలి. జవాబుల పట్టిక తెరవకుండా ఆ ప్రశ్నలను మళ్లీ తీరిగ్గా చేయాలి. అప్పుడే సరిచూసుకోవాలి. తప్పు పోయిన ప్రతిదానికీ రెండు వాక్యాలు నోటుబుక్కులో రాయాలి: ఆ తప్పు జవాబు నన్ను ఎందుకు ఆకర్షించింది, దాన్ని కొట్టేయడానికి ఏ మాట సరిపోయేది. ట్యూటర్ ముందు తెరవవలసింది ఈ నోటుబుక్కే. అది లేకుండా వెళ్లిన గంట వృథా. నమూనా పరీక్షల కోసం వెతుక్కోనక్కరలేదు, పరీక్ష నిర్వహించే సంస్థే తన ‘లాహబ్’ వెబ్‌సైట్‌లో కొన్ని ఉచితంగా పెట్టింది.

సమయం విషయంలో ఇంకొక మాట. ఎల్‌శాట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు. అయినా కష్టమైన ప్రశ్న మీద మూడు నాలుగు నిమిషాలు పెట్టి, చివర మూడు ఖాళీగా వదిలేసే పిల్లలను చూస్తూనే ఉన్నాను. ఏదో ఒకటి గుర్తించి ముందుకు పోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఎనిమిదో తొమ్మిదో తప్పుల్లో రెండు మూడు ఇలా పోతున్నాయని నా అనుమానం. ఏ ప్రశ్నలు తప్పుతున్నాయో వరుస సంఖ్యలు చూస్తే తేలిపోతుంది.

షరతులతో నడిచే ప్రశ్నల్లో కూడా తప్పులు పోతుంటే, దానికి ట్యూటర్ ఎందుకు, మీరే చెప్పవచ్చు. ‘టికెట్టు ఉంటే లోపలికి రానిస్తారు’, ‘టికెట్టు ఉంటేనే లోపలికి రానిస్తారు’, ఈ రెండింటికీ తేడా అడగండి. మొదటిదాంట్లో టికెట్టు చాలు. రెండోదాంట్లో టికెట్టు తప్పనిసరి, కానీ అదొక్కటే చాలుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఇంగ్లిషులో ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ అని పిల్లలు తికమకపడేది మన భాషలో ఒక్క ‘నే’తో తేలిపోతుంది. మన తర్కశాస్త్రంలో పొగ, నిప్పు ఉదాహరణ ఉందిగా, అదీ చెప్పండి. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే. నిప్పు ఉంటే పొగ ఉన్నట్టా? ఎర్రగా కాలిన ఇనుప ముద్దను చూపిస్తారు మనవాళ్లు: అందులో నిప్పు ఉంది, పొగ లేదు.

పరీక్ష తేదీ గురించి మీరు రాయలేదు. అయిదేళ్లలో అయిదుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మాత్రమే రాయనిస్తారు కాబట్టి ‘ఒకసారి రాసి చూద్దాం’ అని తొందరపడకండి. గడియారం పెట్టుకుని రాసిన మూడు వరుస నమూనా పరీక్షల్లో తాను కోరుకున్న స్కోరు వచ్చాక పేరు నమోదు చేసుకోమనండి. ఆ తేదీని ట్యూటర్ కాదు, మీరూ కాదు, అమ్మాయే నిర్ణయించుకోవాలి.