థాంక్స్ చెప్పాల్సిన చోట సారీ అంటారేంటి?

ప్రశ్న: ఆఫీసు పని మీద జపాన్ టీమ్‌తో రోజూ వీడియో కాల్స్ ఉంటాయి. అన్నింటికీ 'అరిగతో' (థాంక్స్) అనేస్తున్నాను. పెద్దవాళ్లతో అలా అనకూడదని ఒక కొలీగ్ అన్నాడు, నిజమేనా? ఇంకోటి, వాళ్లకేదైనా ఫైల్ వెతికిపెడితే 'సుమిమసెన్' అంటారు. అంటే సారీ కదా, నాకెందుకు చెబుతున్నారు?

జవాబు: మీ కొలీగ్ చెప్పింది నిజమే. 'అరిగతో' స్నేహితులకీ ఇంట్లోవాళ్లకీ సరిపోతుంది, మేనేజర్‌తో అంటే మాత్రం మనం 'అండీ' మింగేసి మాట్లాడినట్టుంటుంది. ఆ 'అండీ' పని చేసేది 'గొజైమస్'. 'అరిగతో గొజైమస్' అనండి, అయితే చివర ఉకారం జపనీస్ రాతలో ఉన్నా నోట్లో దాదాపు పలకదు కాబట్టి, మనకున్న అలవాటు కొద్దీ 'మాసూ' అని సాగదీయకండి. మీటింగ్ అయిపోయాక, సాయం పూర్తయ్యాక 'అరిగతో గొజైమష్‌త' అనాలి, అది భూతకాలం. ఇంకాస్త బరువు కావాలంటే ముందు 'దోమో' తగిలించండి (దోమ గుర్తొస్తే నా తప్పు కాదు). ఉత్తి 'దోమో' మాత్రం పైవాళ్ల దగ్గర వద్దు.

ఇక సుమిమసెన్. ఆ మాటకి మూలార్థం 'ఇది ఇంతటితో తీరిపోదు' అని. తప్పు చేసినప్పుడూ అదే, ఎవరైనా మనకోసం కష్టపడ్డప్పుడూ అదే. మనం మాత్రం 'అయ్యో, మీకు శ్రమ ఇచ్చానండీ' అనమా? అది క్షమాపణా, కృతజ్ఞతా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం! మీరు ఫైల్ వెతకడానికి పడ్డ తిప్పలు వాళ్లు గుర్తించారన్నమాట, టెన్షన్ పడకండి. మీరూ వాడొచ్చు, కానీ ఎవరైనా మిమ్మల్ని మెచ్చుకున్నప్పుడో, శుభాకాంక్షలు చెప్పినప్పుడో కాదు. అక్కడ ఎవరికీ ఇబ్బంది కలగలేదు కదా, అరిగతో గొజైమస్సే సరైనది.

ఒక్క చోట జాగ్రత్త. పని ముగిశాక కష్టపడ్డారని చెప్పే 'గొకురోసమ' పైవాళ్లు కిందివాళ్లతో అనే మాట, దాన్ని మీ బాస్ మీద ప్రయోగించకండి, 'ఒత్సుకరెసమ దెస్' అనండి.

ఇంకో సంగతి, ఒకసారి థాంక్స్ చెప్పేస్తే అయిపోయిందనుకోరు వాళ్లు. పోయిన వారం ఎవరైనా సాయం చేసి ఉంటే, మళ్లీ కాల్‌లో కనిపించగానే పనిలోకి దూకకుండా ముందు 'సెన్‌జిత్సు వ అరిగతో గొజైమష్‌త' అనండి. 'మొన్నటిదానికి థాంక్సండీ' అని.