రీడుపై కత్తి పెట్టే ముందు

ప్రశ్న: నేను బరంపురంలో డిగ్రీ చదువుతూ, మా చర్చి వాద్యబృందంలో నాలుగేళ్లుగా ఓబో అనే పాశ్చాత్య సుషిర వాద్యం వాయిస్తున్నాను. దాని పై కొనన పెట్టి ఊదే జంట రేకుల రీడ్లను బయటి ఊళ్ల నుంచి తెప్పించుకుంటాను. చలికాలంలో హాయిగా పలికిన రీడే జూన్ దాటేసరికి బరువెక్కుతోంది. కింది స్వరాలు పలకవు, పలికినా శ్రుతి దిగిపోతుంది. కత్తి కొనుక్కొని నేనే గీకడం మొదలుపెట్టి ఇప్పటికి ఆరు రీడ్లు పాడుచేశాను. తప్పు ఎక్కడ జరుగుతోంది?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ఆరు రీడ్లు పాడైనందుకు బాధపడకండి. గీకడం నేర్చుకున్న ప్రతివారూ అంతకు ఎన్నో రెట్లు పారేసినవారే. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసిన మాట ఒకటుంది: కింది స్వరాలు పలకకపోగానే మీరు నేరుగా కత్తి అందుకున్నారు. దోషం రీడులో ఉందా, వాద్యంలో ఉందా, వాతావరణంలో ఉందా, లేక మన పెదవుల్లోనే ఉందా అన్నది తేలేదాకా కత్తిని పెట్టెలోనే ఉంచాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే గీకిన పొడిని తిరిగి అతికించలేము.

మొదట వాద్యాన్ని చూడండి. పై భాగాన్ని విడదీసి, దాని రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది చివరను అరచేత్తో అడ్డుకొని, పైనుంచి నోటితో గాలి లాగండి. లోపల ఏర్పడిన శూన్యం కొన్ని సెకన్లపాటు నిలిచి, చెయ్యి తీయగానే చిన్న చప్పుడుతో విడిపోతే ఆ భాగంలో గాలి కారడం లేదని అర్థం. నిలవకపోతే రంధ్రాలను మూసే మూతల్లో ఏదో ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు. అలాంటి వాద్యంపై ఎంత మంచి రీడు పెట్టినా కింది స్వరాలు తడబడతాయి. వానాకాలంలో మూతల కింద చేరే నీటి చుక్క కూడా ఇదే పని చేస్తుంది. పల్చని సిగరెట్టు కాగితాన్ని మూత కింద ఉంచి, మెల్లగా నొక్కి ఆ తడిని తీసేయాలి.

ఇక వాతావరణం. ఓబో రీడును అరుండో డోనాక్స్ అనే, వెదురులా కనిపించే గడ్డిజాతి మొక్క కాడతో చేస్తారు. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు కాడ దీనికి ప్రసిద్ధి. ఆ కాడ లోపలి వైపును మధ్యలో 0.6 మిల్లీమీటర్ల మందం మిగిలేలా తొలిచి, ఆకారానికి కోసి, మడిచి, సాధారణంగా 47 మిల్లీమీటర్ల పొడవుండే లోహపు గొట్టానికి దారంతో బిగిస్తారు. ఎంత చక్కగా బిగించినా అది గడ్డే కాబట్టి తేమను పీలుస్తుంది. గంజాం తీరపు వానాకాలపు గాలిలో రేకులు ఉబ్బి రీడు నోరు వెడల్పవుతుంది. దాన్ని కదిలించడానికి ఎక్కువ ఊపిరి కావలసివస్తుంది, స్వరం బరువుగా, కిందికి జారినట్లుగా వస్తుంది. చలికాలంలో ఆ నోరే ముడుచుకుంటుంది. ఒక ఆగస్టులో గోపాల్‌పూర్‌లో వాయించవలసివచ్చినప్పుడు నేను ఆ రోజు గాలికి సరిపోయేలా నాలుగు రీడ్లను పల్చగా గీకాను. ఆ సాయంత్రం అవి అద్భుతంగా పలికాయి గానీ, డిసెంబరు వచ్చేసరికి నాలుగూ నోరు మూసుకొని, పై స్వరాల దగ్గర పిల్లికూతలు మొదలుపెట్టాయి. మీ ఆరు రీడ్లకూ ఇదే జరిగిందని అనుకుంటున్నాను.

కనుక ముసురు పట్టిన రోజున ముందుగా వేళ్లతో సరిచేయండి. రీడును గోరువెచ్చని మంచినీటిలో రెండు మూడు నిమిషాలు మాత్రమే నానబెట్టండి. అరగంట నీళ్లలో వదిలేసిన రీడు ఎవరి మాటా వినదు. నానాక నోరు మరీ తెరుచుకొని ఉంటే, రెండు రేకుల వెడల్పు వైపులను బొటనవేలు, చూపుడువేలితో మెత్తగా అదిమి కొద్ది క్షణాలు పట్టుకోండి. మరీ మూసుకొని ఉంటే పక్కల నుంచి అదమండి. వానాకాలంలో సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

తీరకపోతే రీడును వాద్యం నుంచి తీసి, పెదవులను దారం దాకా పోనిచ్చి, పళ్లు బిగించకుండా ఊదండి. ఓబో వాదకులు దీన్ని క్రో, అంటే కాకి కూత, అంటారు. వెనుక దాకా పొడవుగా గీకే అమెరికన్ పద్ధతి రీడయితే ఈ కూతలో పాశ్చాత్య సంగీతపు సి స్వరం రెండు మూడు స్థాయుల్లో ఒకేసారి వినిపించాలి. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో 1915 నుంచి 1954 వరకు వాయించిన మార్సెల్ టబుటో ద్వారా స్థిరపడిన పద్ధతి ఇది. ఐరోపా పద్ధతిలో గీకిన భాగం పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆ రీడ్ల కూతను ఇదే కొలతతో తూచకూడదు. మీ రీడు ఏ పద్ధతిదో అమ్మినవారిని అడిగి తెలుసుకోండి. ఒక పద్ధతి రీడును రెండో పద్ధతిలో గీకడం వల్ల ఎన్నో మంచి రీడ్లు వృథా అయ్యాయి.

అమెరికన్ రీడని తేలితే కూత చెప్పినట్లు నడవండి. కూత సి కంటే కిందికి ఉంటే గీకడం ఆపి, కొసను వెంట్రుకవాసి మేర కత్తిరించండి. అలా కత్తిరించినప్పుడు కొస మందమవుతుంది కాబట్టి దాన్ని మళ్లీ కొద్దిగా పల్చన చేయాలి. కూత సి దగ్గరే ఉండి, బిగువుగా, పై స్థాయి మాత్రమే వినిపిస్తుంటే వెనుక భాగంలో, నడుమనున్న వెన్నునూ పక్క అంచులనూ తాకకుండా, వాటి మధ్యనున్న రెండు కిటికీల్లాంటి చోట్ల దుమ్ము రాలేంత మాత్రమే గీకండి. కింది స్వరాలు విచ్చుకునేది అక్కడే. స్వరం ఆలస్యంగా అందుకుంటుంటే కొస మూలలను చూడాలి. కొసకూ వెనుక భాగానికీ మధ్యనున్న, హార్ట్ అని పిలిచే భాగం జోలికి మాత్రం తేలికగా పోకండి. రీడు శ్రుతిని నిలబెట్టేది అదే. గీకిన తర్వాత మీవి శ్రుతి ఇంకా దిగిపోయి ఉంటే, మీ కత్తి అక్కడ తిరిగి ఉండాలి.

రేకుల మధ్య పల్చని పలక ఉంచకుండా కత్తి పెట్టవద్దు. మొద్దుబారిన కత్తి గీకదు, నారలను పీకుతుంది. రెండు రేకులపైనా సమానంగా గీకి, రెండు మూడు గీతలకొకసారి వాయించి చూడండి. ఒకే పూటలో రీడును ముగించాలని పట్టుదల పెట్టుకోకండి. గీకిన కాడ రాత్రికి రాత్రి మారుతుంది గనుక మూడు నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాల చొప్పున పనిచేయడం మేలు. వానాకాలంలో చివరి రెండు గీతలను వాయిదా వేసి, కాస్త బరువుగానే ఉంచుకోవడం నా అలవాటు.

ప్రశ్న: మేము కొరాపుట్‌లో ఉంటాం. పదహారేళ్ల మా అబ్బాయికి కొత్త చెక్క ఓబో కొన్నాం. పది నిమిషాలు వాయించగానే తల తిరుగుతోందంటున్నాడు. గాలి చాలడం లేదా? చెక్క విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక తండ్రి, కొరాపుట్

జవాబు: గాలి చాలకపోవడం కాదండీ, మిగిలిపోవడం. ఓబో నోరు అతి సన్నం కాబట్టి లోపలికి తీసుకున్న గాలి ఖర్చు కాదు, వాడిన గాలి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. దానిపైనే కొత్త ఊపిరి పీలిస్తే ఉక్కిరిబిక్కిరవుతాడు. విరామం దొరికిన చోట ముందు గాలిని వదిలి, ఆ తర్వాతే పీల్చాలి. వదిలే చోట్లనూ పీల్చే చోట్లనూ స్వరపత్రంపై పెన్సిలుతో వేరువేరు గుర్తులతో రాసుకోమనండి. రీడు మరీ గట్టిదైతే పెదవులతో కొరికి పట్టే అలవాటు పడుతుంది, అలసట రెట్టింపవుతుంది. కొద్దిగా మెత్తని రీడుతో, ఒకే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి పెంచి తిరిగి తగ్గించే సాధన రోజూ పావుగంట చేయనివ్వండి. జాగ్రత్తలన్నీ పాటించినా తల తిరుగుడు తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

కొత్త చెక్కను మొదటి వారాల్లో రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి వాయించకూడదు. మీ ఊరి చలికాలపు ఉదయాల్లో చల్లగా ఉన్న వాద్యంలోకి వెచ్చని ఊపిరి ఊదితే పై భాగం పగిలే ప్రమాదముంది. ముందు చేతుల మధ్య పట్టుకొని కాసేపు వెచ్చబరచి, వాయించాక లోపలి తడిని గుడ్డతో లాగి తుడవాలి.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో పెళ్లిళ్లకు నాదస్వరం వాయిస్తాను. మా మేనల్లుడు ఓబో నేర్చుకుంటున్నాడు. మా జీవాళి, అంటే నాదస్వరం రీడు, దానికి పనికివస్తుందా? వాడికి నేనేమైనా నేర్పగలనా?
— ఒక నాదస్వర విద్వాంసుడు, పర్లాకిమిడి

జవాబు: జీవాళి పనికిరాదండీ. అది వెడల్పుగా, పొట్టిగా ఉండి, పెదవుల ఒత్తిడికి లొంగుతుంది. ఓబో రీడు సన్నగా, పొడవుగా ఉండి, బెండు చుట్టిన గొట్టంతో వాద్యంలోకి దిగుతుంది. నేర్పగలిగింది మాత్రం చాలా ఉంది. రెండు వాద్యాలూ లోపల శంఖువులా విచ్చుకొనేవే కాబట్టి ఒత్తి ఊదితే పై స్థాయి స్వరం పలకడం రెండింటికీ సమానం. మీరు తంబురా శ్రుతి పెట్టి ఒక్కో స్వరాన్ని నిలపమంటే, ఆ పిల్లవాడి చెవికి రీడు దోషమేదో తన దోషమేదో త్వరగా తెలుస్తుంది. నాదస్వరానికి అదనపు జీవాళ్లు, సూది కట్టి ఉంచుకునే మీ అలవాటును కూడా అతనికి ఇప్పుడే నేర్పండి. నానబెట్టి సిద్ధం చేసిన మూడు రీడ్లను రోజుకొకటి చొప్పున మార్చి వాయించమనండి, వాటిని గాలి ఆడే పెట్టెలో ఆరబెట్టమనండి. మూత బిగించిన డబ్బాలో పెడితే మన ప్రాంతపు వానల్లో వారానికే బూజు పడుతుంది.